ఎలుగు తిరిగే జీడితోటలో .32 రివాల్వర్: ఎనిమిదేళ్ల వాడకం మీద

ముందే తేల్చి చెప్పేస్తాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎలుగు భయానికి కొత్తగా రివాల్వర్ కొనాలనుకుంటుంటే ఆ డబ్బు దాచుకోండి. లైసెన్సూ రివాల్వరూ ఇప్పటికే ఉన్నవాళ్లకు మాత్రం దాంతో ఎంతవరకు పని అవుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెబుతాను. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట వైపు తోటలున్నవాళ్లకోసం ఇది.

నేను వాడింది 3 అంగుళాల బ్యారెల్, 6 తూటాల టాప్ బ్రేక్ రకం, అంటే గొళ్లెం తీసి బ్యారెల్ కిందికి వంచితే తెరుచుకునేది. బరువు 700 గ్రాముల దరిదాపు. 9 ఎం.ఎం., .38, .45 మన దేశంలో నిషేధిత బోర్లు (బోరు అంటే బ్యారెల్ లోపలి కొలత), మామూలు లైసెన్సు మీద రావు. కాబట్టి ఎలుగుకు ఏ బోరు మేలని తర్జనభర్జన పడే పనే లేదు, చివరికి ఎక్కువమంది వచ్చి ఆగేది .32 దగ్గరే. 2014లో వచ్చిన నిర్భీక్ అనే తేలిక రివాల్వర్ కూడా ఇదే తూటా కాలుస్తుంది. 500 గ్రాములే కాబట్టి నడుముకు హాయి. దెబ్బలో తేడా లేదు.

ఆ దెబ్బ ఎంతంటే, 98 గ్రెయిన్ల సీసం గుండు, అంటే ఆరు గ్రాముల పైచిలుకు, సెకనుకు 200 మీటర్లకు కాస్త పైన పోతుంది. లెక్క కడితే 140 జౌళ్లు. పన్నెండు బోరు తుపాకీ ఎల్.జి. (పెద్ద రవ్వల) తూటా 2000 జౌళ్ల దగ్గర ఉంటుంది. మగ ఎలుగు నూరు కిలోలు దాటుతుంది. దట్టమైన జూలు, వదులు చర్మం, ఏటవాలు నుదురు. మెత్తటి సీసం గుండు అక్కడ తగిలినా ఎలుగు అక్కడికక్కడే పడుతుందన్న భరోసా లేదు. గాయపడిన ఎలుగు పక్క తోటలోకి పోతే, తెల్లారి అక్కడ జీడిపిక్కలు ఏరేవాళ్ల మీద పడుతుంది. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఒక్క ఎలుగు ఎంతమందిని గాయపరిచిందో ఈ వైపు ఎవరూ మరిచిపోలేదు.

తూటా కొనేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. ‘.32’ అని అడిగితే రెండు రకాలు చూపిస్తారు. రివాల్వర్‌ది 7.65×23, వెనక అంచు వెడల్పుగా ఉంటుంది. పిస్టల్‌ది 7.65×17, పొట్టిది. పొట్టిది రివాల్వర్ సిలిండర్ గదుల్లో (తూటాలు కూర్చునే రంధ్రాల్లో) ఎలాగోలా దూరిపోతుంది కానీ దాని ఒత్తిడి ఎక్కువ, పాత రివాల్వర్‌లో అది ప్రమాదం. పెట్టె మీద 23 అన్న అంకె కళ్లారా చూసి గానీ డబ్బులివ్వకండి.

ఇక గురి. హామర్ ముందే వెనక్కి లాగి, రెండు చేతులా పట్టుకుని, పగటిపూట 10 మీటర్లకు కాలిస్తే ఆరూ అన్నం పళ్లెంలో పడతాయి. ఎలుగు ఆ తీరిక ఇవ్వదు. దానికి చూపు, వినికిడి అంతంతమాత్రం, వాసనే బలం. గాలి ఎదురుగా ఉంటే మనిషిని బాగా దగ్గరికొచ్చేదాకా గమనించదు, గమనించగానే బెదిరి మీదికొస్తుంది. ముఖమే దాని గురి. అప్పుడు ఒక చేతిలో టార్చి, ఇంకో చేత్తో బిగుతైన ట్రిగ్గర్ ఒక్క లాగులో నొక్కాలి. నొక్కేలోపు రివాల్వర్ మూతి కిందికి దిగిపోతుంది. 5 మీటర్లకే పళ్లెం చాట అవుతుంది. సాధన చెయ్యాలంటే ఇలాగే చెయ్యాలి: ఎడమ చేత టార్చి, ఒంటి చెయ్యి, ట్రిగ్గర్ పూర్తి లాగు. ఖాళీ రివాల్వర్‌తో రోజుకు ఇరవై సార్లు లాగినా చెయ్యి కుదురుతుంది. నకిలీ తూటాలు పెట్టి లాగితే పిన్ను పాడవదు.

పాడుచేసేది సముద్రపు గాలి. తోలు పౌచ్ చెమట పీల్చి వదలదు, వారంలో బ్యారెల్ పక్కన ఎర్ర చుక్కలు తేలతాయి. తోలు బెల్టులో గుచ్చిన తూటాలకు పచ్చ చిలుము పడుతుంది. నైలాన్ పౌచ్ మేలు, ఇంట్లో మాత్రం పౌచ్‌లో ఉంచొద్దు. వానాకాలం వారానికోసారి నూనె గుడ్డతో పైన తుడవాలి, సిలిండర్ గదులు మాత్రం పొడిగుడ్డతో పొడిగా తుడవాలి. గదుల్లో నూనె మిగిలితే తూటా వెనక టోపీలోకి ఇంకి, సమయానికి ‘టక్’ మని ఊరుకుంటుంది. ఈ అతి శుభ్రమే చాలామంది తూటాల కొంప ముంచుతుంది. నడుముకు పెట్టుకు తిరిగిన ఆరు తూటాలను ఏడాదికోసారి సాధనలో కాల్చేసి కొత్తవి వేసుకోవాలి. పాత టాప్ బ్రేక్‌లలో గొళ్లెం అరుగుతుంది. మూసి, బ్యారెల్ పట్టుకుని కుదిపితే కదలిక తెలిస్తే కాల్చొద్దు, తుపాకుల మేస్త్రీకి చూపించండి.

చట్టం వైపు చూస్తే, 1972 వన్యప్రాణి చట్టం 11(2) కింద ప్రాణరక్షణకు సదుద్దేశంతో చంపినా గాయపరిచినా నేరం కాదు. పిక్కలు, పనసకాయలు కాపాడుకోడానికి కాలిస్తే మాత్రం నేరమే. ఎలుగు షెడ్యూల్ 1 జంతువు. గాలిలోకి కాల్చి బెదిరించడమూ వద్దు, ఆ గుండు ఎవరి తోటలో దిగుతుందో తెలీదు. ఇక సీతంపేట, కురుపాం వైపు ఏనుగుల మీదికి ఈ రివాల్వర్ తియ్యడమంటే మందను మన మీదికి పిలుచుకోవడమే.

ఆయుధమే కావాలనుకునేవాళ్లకు 20 అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న పన్నెండు బోరు నయం. రక్షణ కోసం ఈ రకం గుండు తుపాకీకి, పంట కాపలాకు మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వడం గురించి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. రివాల్వర్‌కు ఆ వెసులుబాటు లేదు.

అసలు పని చేసేది మాత్రం టార్చి, డబ్బా చప్పుడు. తెల్లారగట్ల తోటలో అడుగుపెట్టే ముందు గట్టున నిలబడి రెండు నిమిషాలు డబ్బా కొట్టి, పుట్టల వైపు, పొదల వైపు వెలుగు వేసి, ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ లోపలికి పోతే, మనిషి ఉన్నాడని తెలిసి ఎలుగు చాలాసార్లు తానే తప్పుకుంటుంది.

ఇంకొకటి. ఎన్నికలు వస్తే లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చెయ్యమంటారు. మన దగ్గర పోలింగ్ 2014లో మే 7న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న జరిగింది. మూడుసార్లూ పిక్కల కాలమే. ఇచ్చే ముందు లోపలా బయటా నూనె పూసి, నూనె గుడ్డలో చుట్టి, రసీదులో నంబరు సరిచూసుకుని ఇవ్వండి. తిరిగొచ్చాక గదులు తుడిచాకే తూటాలు వెయ్యండి.