మినియన్స్: కార్న్‌వాల్ కొండమీద రాగిగనుల ఊరు

ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్ జిల్లా అనగానే అందరూ సముద్రం వైపే పరుగెడతారు. ఒక్క రోజు మాత్రం బాడ్మిన్ మూర్ అనే బంజరు కొండనేల మీదున్న మినియన్స్‌కి కేటాయించండి. దాదాపు 300 మీటర్ల ఎత్తులో, ఆ జిల్లాలోకెల్లా ఎత్తైన ఊరు ఇది.

బసకు దగ్గర్లోని లిస్కర్డ్ పట్టణం మేలు. లండన్ ప్యాడింగ్టన్ నుంచి నేరుగా రైళ్లున్నాయి, గదులూ దొరుకుతాయి. మేం ముందే మాట్లాడుకున్న ట్యాక్సీ రాక చాలాసేపు టెన్షన్ పడ్డాం. కారుంటే ఆ బాధ ఉండదు. మినియన్స్‌లో పబ్, టీ కొట్టు ఉన్నాయి కానీ శాకాహారులు తిండి వెంట తీసుకెళ్లడం మంచిది.

ఊరి పక్కనే హర్లర్స్ అనే మూడు రాతి వలయాలు ఉన్నాయి. ఆదివారం పూట ఆటలాడిన మనుషులు రాళ్లైపోయారని అక్కడి కథ. టికెట్ లేదు. కాస్త పైకెక్కితే చీజ్‌రింగ్: గాలీ వానా అరగదీసిన గ్రానైట్ పలకల దొంతర. దారిలో డేనియల్ గమ్ ఇల్లు తప్పకుండా చూడండి. 18వ శతాబ్దపు ఆ రాళ్లు కొట్టే మనిషి బండల మధ్య కాపురం ఉంటూ, పైకప్పు రాతి మీద పైథాగరస్ సిద్ధాంతం బొమ్మ చెక్కుకున్నాడు. బడి చదువు లేకున్నా అంత తపన! నాకు చాలాసేపు కాలు కదల్లేదు.

అసలు చూడాల్సింది సౌత్ కారడాన్ రాగిగని. 1836లో ఇక్కడ రాగి బయటపడింది. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ఊరేవి. ముఖ్యంగా వాటిని తోడే ఆవిరి యంత్రాల కోసం కట్టినవే ఇక్కడి ఇంజిన్ హౌస్‌లు. వాటిలో ఒక గోడ మిగతావాటికన్నా బాగా మందంగా ఉంటుంది, ఆవిరి యంత్రం దూలం బరువంతా మోసింది అదే. 1844లో రైలుమార్గం వేశారు. ఖనిజం నిండిన బండ్లు వాలులో వాటంతటవే దిగేవి, ఖాళీవాటిని గుర్రాలు పైకి లాగేవి. ఆ పట్టాల బాట మీదే ఇప్పుడు మనం నడుస్తాం. రాగి ధర పడిపోయి 1880ల్లో గని మూతపడింది, కుటుంబాలు దేశాలు పట్టిపోయాయి. కార్న్‌వాల్ గని పనివాళ్లు మన కోలార్ బంగారు గనులకూ వచ్చారని తలచుకుంటే, ఆ మొండిగోడలు పరాయివనిపించలేదు.

2006లో యునెస్కో ఈ గనుల ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పాత షాఫ్ట్‌ల (గనిలోకి దిగే లోతైన గోతుల) చుట్టూ కంచెలున్నాయి, పిల్లలతో వెళ్తే బాట దిగనివ్వకండి. పొగమంచు కమ్మితే చీజ్‌రింగ్ మానేసి, పట్టాల బాట పట్టండి.