గుడిమల్లం పరశురామేశ్వరుడు: అభిషేకం వేళకు పోండి

తిరుపతిలో పుట్టి పెరిగినా, యాభై ఏళ్ళు దాటేదాకా నేను పక్కనే ఉన్న గుడిమల్లం ఊరి శివుడి గుడి చూడలేదు. గోవిందరాజస్వామి గుడి, కపిలతీర్థం, తిరుచానూరు చాలనుకున్నాం. పోయిన కార్తీకంలో మా అత్తమ్మ "ఒక్కసారి పరశురామేశ్వరుడి కాడికి పిలుచుకుపో అమ్మణ్ణీ" అనింది.

మొదటిసారి ఒక ట్రావెల్స్ ప్యాకేజీలో పోయినాం. శ్రీకాళహస్తికి పోతా దారిలో ఆపుతామన్నారు, ఆపినారు కూడా, పది నిమిషాలు. మోకాళ్ళ నొప్పితో అత్తమ్మ గర్భగుడి దాకా చేరకముందే బయట హారన్ మోగింది. దండం పెట్టుకుని తిరిగొచ్చి, ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఆ కష్టం నాకింకా తీరలేదు. అందుకే చెప్తా ఉండా, ఈ గుడికి సొంతంగా పోండి.

మరుసటి సోమవారం ఆటో మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరినాం. రేణిగుంట మీదుగా, గాజుపూసలు చేసే పాపానాయుడుపేట దాటితే గుడిమల్లం. పక్కనే స్వర్ణముఖి. వెనకనుంచి చూస్తే విమానం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. గజపృష్ఠం అంటారు.

గర్భగుడి, దాని ముందున్న అంతరాళం (చిన్న గది) కంటే పల్లంలో ఉంటుంది. కాబట్టి స్వామిని కిందికి వంగి చూడాల. అయిదడుగుల ముదురు గోధుమరంగు రాతి లింగం. దాని ముందువైపే శివుడు నిలబడి ఉండాడు. కుడిచేతిలో వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసిన పొట్టేలు, ఎడమచేతిలో చిన్న గిండి (నీళ్ళ చెంబు), భుజానికి గండ్రగొడ్డలి. జంధ్యం లేదు. వేటనుంచి ఇప్పుడే ఇంటికొచ్చిన మనిషిలా ఉండాడు. ఆయన పాదాల కింద ఒక పొట్టి యక్షుడు, బరువంతా భుజాల మీద మోస్తానే నవ్వుతా ఉంటాడు.

అర్చకస్వామి నీళ్ళు పోస్తా ఉంటే ఆ నీళ్ళు జటల మీదుగా, నడుముకు చుట్టిన పల్చటి బట్ట మడతల మీదుగా జారి యక్షుడి ముఖం మీద నిలిచినాయి. హారతి వెలుగులో ఆ ముఖం తడిగా మెరిసింది. అత్తమ్మ గట్టిగా ఏడ్చేసింది. నేనూ ఆపుకోలేకపోయినాను. అలంకారం అయినాక పోతే ఇవేవీ కనపడవు, పూలు, పంచె కప్పేస్తాయి.

ఈ లింగం క్రీస్తుకు పూర్వం 2వ లేదా 1వ శతాబ్దం నాటిదని ఎక్కువమంది చరిత్రకారులు చెప్తారు. పురావస్తు పండితుడు గోపీనాథరావుగారు 1911లో దీన్ని లోకానికి చూపించినారు. 1973లో తవ్వితే లింగం చుట్టూ రాతి కంచె బయటపడింది. అంటే మొదట్లో స్వామి గోడలూ కప్పూ లేకుండా ఆరుబయటే పూజలందుకున్నాడు. ఇటుక గుడి, ఆపైన రాతి గుడి తర్వాత వచ్చినాయి. పల్లవులు, బాణులు, చోళుల శాసనాలున్నాయి, 1954 నుంచి కేంద్ర పురావస్తుశాఖ చూసుకుంటా ఉంది.

కానీ ఆ సోమవారం ఊరి ఆడవాళ్ళు ఇవేమీ తలుచుకోలేదు. ఇంటినుంచి తెచ్చిన దీపాలు వెలిగించి, ఆనందవల్లి అమ్మవారికి పసుపు కుంకుమ ఇచ్చి, ఒకామె మా అత్తమ్మ చెయ్యి పట్టి మెట్టు దించింది. ఈ గుడిలో నాకు బాగా నచ్చింది అదే.

అయిదుకు అయిదు నక్షత్రాలు. లోపల ఫోటోలు తియ్యనివ్వరు, అది మంచిదే. టిఫిను, నీళ్ళు వెంట తెచ్చుకోండి. పెద్దవాళ్ళుంటే పల్లం దగ్గర నిదానంగా దించండి, రాయి నూనెతో జారుతుంది.