పాత ఆల్బమా, పెద్ద ఎడిషనా: రెండూ కొని ఏళ్ల తరబడి విన్నాక

సినిమా నేపథ్య సంగీతాన్ని డబ్బు పెట్టి కొని, పాటలతో పని లేకుండా వినేవాళ్లు మా నల్గొండలో ఎంతమంది ఉంటారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాట లేని డిస్కుకు పైసలెందుకు పెడతావని అడిగేవాళ్లే ఎక్కువ. ఈ పిచ్చి పట్టినవాళ్లకు ఎప్పుడూ ఒకటే తకరారు. సినిమాతో పాటు వచ్చిన అసలు ఆల్బమ్ కొనాలా, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ‘ఎక్స్‌పాండెడ్’ అనో ‘కంప్లీట్’ అనో రెండు మూడు డిస్కులుగా వచ్చే పెద్ద ఎడిషన్ కొనాలా? నా దగ్గర కొన్ని హాలీవుడ్ సినిమాలకు రెండూ ఉన్నాయి. రెండూ బాగా అరగదీశాను. నా తీర్పు ముందే చెప్పేస్తా: కూర్చుని వినడానికి పాత ఆల్బమే. పెద్ద ఎడిషన్‌కు డబ్బు పెట్టాల్సిన సినిమాలూ ఉన్నాయి, కానీ కంపెనీలు ఊదరగొట్టినన్ని లేవు.

స్పీల్‌బర్గ్ తీసిన గ్రహాంతరవాసి సినిమా ఇ.టి.తో మొదలుపెడతా, ఎందుకంటే నేను ఎక్కువసార్లు విన్నది అదే. 1982లో వచ్చిన ఆల్బమ్ దాదాపు నలభై నిమిషాలు, ఎనిమిదే ట్రాకులు. స్వరకర్త జాన్ విలియమ్స్ సినిమాలో ఉన్నది ఉన్నట్టు రికార్డుకు ఎత్తలేదు. సైకిళ్లు గాల్లోకి లేచే సంగీతాన్ని కచేరీలో వాయించే ముక్కలా మళ్లీ కూర్చాడు. సినిమాలో అక్కడక్కడా వచ్చే చిన్న చిన్న తునకల్ని కలిపి ఒక మొదలు, ఒక ముగింపు ఉండేలా అమర్చాడు. చివరి ట్రాకు పావుగంట. దీని వెనక కథ చాలామందికి తెలిసే ఉంటుంది: తెర మీద బొమ్మకు తాళం కుదరక విలియమ్స్ అవస్థ పడుతుంటే, స్పీల్‌బర్గ్ ప్రొజెక్టర్ ఆపించి, నువ్వు కచేరీలో వాయించినట్టే వాయించు, బొమ్మను నేను దానికి సర్దుకుంటానన్నాడట. ఆ మాట మీదే క్లైమాక్స్ ఎడిటింగ్ మార్చాడు. ఆ పావుగంట వింటుంటే సంగీతం ఎవరికోసమూ ఆగకుండా పోతున్నట్టు అనిపిస్తుంది. ఆ సంగతి తెలియనివాళ్లకు కూడా వినిపిస్తుంది.

అదే సినిమాకు 2017లో లా-లా ల్యాండ్ కంపెనీ రెండు డిస్కుల సెట్టు తెచ్చింది. మొదటి డిస్కులో సినిమాలో వచ్చిన వరసలోనే సంగీతం, రెండో దాంట్లో పాత 1982 ఆల్బమ్, దానికి తోడు ఇంకొన్ని. మొదటి డిస్కు పెట్టినప్పుడు లాభం ఒకటి కనిపిస్తుంది. ఆ ఎగిరే బాణీ మనకు పూర్తిగా వినిపించేది సగం సినిమా అయ్యాక. అంతకుముందే విలియమ్స్ దాన్ని ముక్కలు ముక్కలుగా, ఒకచోట రెండు స్వరాలు, ఇంకోచోట నాలుగు, చల్లుకుంటూ వస్తాడు. పాత ఆల్బమ్‌లో ఆ విత్తనాలు చాలావరకు లేవు. ఇక్కడ వరసగా దొరుకుతాయి. బాణీ కట్టడం నేర్చుకుందామనుకునే కుర్రాళ్లకు ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

కానీ ఆ డిస్కు మొత్తం ఒక్క బిగిన వినడం వేరే సంగతి. నిమిషం ఉండే ముక్క వస్తుంది, ఊపందుకునేలోపే ఆగిపోతుంది. తర్వాత రెండు నిమిషాలు మెల్లగా తీగవాద్యాలు. మళ్లీ ఒక నిమిషం. తెర మీద బొమ్మ ఉన్నప్పుడు ఆ ఖాళీల్లో మాటలుంటాయి, ఇక్కడ ఖాళీలే మిగిలాయి. మా మేనల్లుడు పక్క గదిలోంచి వచ్చి, “మామా, ఇందాక వచ్చింది గిదే గదా? మళ్లీ పెట్టినవా?” అన్నాడు. వాడన్నది నిజమే. అదే బాణీ చిన్న చిన్న తేడాలతో మూడోసారి నడుస్తోంది. ఆ తేడాలు వినిపించాలంటే చెవి పెట్టి కూర్చోవాలి, చేతిలో బుక్‌లెట్ ఉండాలి, దానికి నా కళ్లజోడు ఉండాలి. ఈ కంపెనీలు బుక్‌లెట్లలో ఒక్కో ట్రాకు గురించి ఒక్కో పేరా రాస్తాయి, రాసేవాళ్లు విషయం తెలిసినవాళ్లు, కానీ అక్షరాలు మాత్రం మందుల సీసా మీద ఉన్నంత సన్నగా వేస్తారు.

ఆల్బమ్‌లు అంత కురచగా ఎందుకుండేవో తెలిస్తే పాతవాటి మీద కోపం సగం తగ్గుతుంది. పన్నెండంగుళాల ఎల్పీకి ఒక పక్క ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడులు దగ్గర దగ్గరగా కోయాలి, సౌండు తగ్గించాలి, బేస్ పలచబడుతుంది. అందుకే నలభై నిమిషాల చుట్టూ తిరిగేవి. సీడీలు వచ్చాక డెబ్భై నిమిషాలు పైగా పట్టే చోటు ఉన్నా, 80లు, 90ల్లో అమెరికాలో వచ్చిన చాలా డిస్కులు ముప్పై నిమిషాలకే ముగిసిపోయేవి. దానికి కారణం పైసలు. అక్కడి వాద్యకారుల యూనియన్ నిబంధన ప్రకారం, సినిమాకు వాయించిన సంగీతాన్ని ఆల్బమ్‌గా వేస్తే ఆర్కెస్ట్రాకు మళ్లీ చెల్లించాలి. ఎన్ని నిమిషాలు వేస్తే అంత కట్టాలి. వరేజ్ సారాబాండ్ కంపెనీ డిస్కులు అరగంటవే వస్తున్నాయని ఆ రోజుల్లో అభిమానులు తిట్టుకున్నది దీనికే. ఇలా డబ్బు లెక్క చూసి కోసిన ఆల్బమ్‌కూ, స్వరకర్త కూర్చుని కుదించిన ఆల్బమ్‌కూ తేడా ఉంది. మొదటి రకానికైతే పెద్ద ఎడిషన్ కళ్లు మూసుకుని కొనొచ్చు.

మన 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేట్ల రోజుల్లోనూ ఇదే తంతు. పది అంగుళాల ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు. సినిమాలో సాగదీసి పాడిన పాటకు రికార్డులో ఒక చరణమో, మధ్యలో ఆలాపనో ఎగిరిపోయేది. నాన్న తరం వాళ్లు రికార్డులో విన్నదాన్నే అసలు పాటగా గుర్తుపెట్టుకున్నారు. టీవీలో సినిమా వస్తే, “ఈ చరణం ఎక్కడిది?” అని ఆశ్చర్యపోయేవాళ్లు.

షార్కు సినిమా జాస్ సంగతి ఇంకా తమాషా. రెండే స్వరాల బాణీ కదా, ఆల్బమ్ అంతా అదే ఉంటుందనుకుంటారు వినని వాళ్లు. 1975 ఆల్బమ్ కోసం విలియమ్స్ సంగీతాన్ని విడిగా మళ్లీ రికార్డు చేశాడు. బీచికి టూరిస్టులు పొలోమని వచ్చేచోట ‘ప్రొమెనాడ్’ అని ఒక ముక్క ఉంది. పాతకాలపు యూరప్ దర్బారు సంగీతంలా హుందాగా, కులాసాగా నడుస్తుంది. కిందేమో చేప ఎదురుచూస్తోంది. నాకైతే చేప బాణీ కంటే ఇదే భయం. షార్కు కోసం పంజరం బిగించేచోట వచ్చే ఫ్యూగ్ కూడా అంతే. ఒక వాద్యం ఎత్తుకున్న దాన్ని ఇంకోటి అందుకుంటూ, బోల్టు మీద బోల్టు బిగిస్తున్నట్టే పోతుంది. 2015లో ఇంట్రాడా కంపెనీ సినిమా రికార్డింగు ఒక డిస్కు, పాత ఆల్బమ్ ఒక డిస్కు వేసి ఇచ్చింది. అప్పటిదాకా పాత ఆల్బమ్ మాత్రమే తెలిసిన నాకు సినిమా రికార్డింగు కొంచెం పొడిగా అనిపించింది. నేను రెండో డిస్కే ఎక్కువగా పెడతాను. అయినా ఆ సెట్టు మంచి కొనుగోలే, ఎందుకంటే పాతదాన్ని బయట పారేయకుండా కొత్తదాని పక్కన కూర్చోబెట్టారు. నేను పెద్ద ఎడిషన్ చూసినప్పుడు మొదట వెతికేది ఇదే: పాత ఆల్బమ్ లోపల ఉందా, లేదా? లేకపోతే పక్కన పెట్టేస్తా.

పెద్ద ఎడిషన్ నిజంగా గెలిచే చోట్లు రెండు చెప్తా. ఒకటి ఏలియన్, 1979. జెర్రీ గోల్డ్‌స్మిత్ ఒక సంగీతం ఇచ్చాడు, సినిమాలో వినిపించింది ఇంకొకటి. మొదటి టైటిల్ సంగీతం దర్శకుడు వద్దంటే మళ్లీ రాయించారు. కొన్నిచోట్ల ఆయనే 1962లో ఫ్రాయిడ్ అనే సినిమాకు చేసిన సంగీతాన్ని తెచ్చి అతికించారు. చివర్లో ఏకంగా హోవర్డ్ హాన్సన్ అనే ఇంకో స్వరకర్త సింఫొనీ వాడారు. గోల్డ్‌స్మిత్ ఈ విషయం బాహాటంగానే బాధపడుతూ చెప్పుకున్నాడు. 2007లో ఇంట్రాడా తెచ్చిన రెండు డిస్కుల్లో ఆయన మొదట రాసిందీ, తిరిగి రాసిందీ, పాత ఆల్బమూ అన్నీ ఉన్నాయి. రెండు టైటిల్ ముక్కలూ ఒకదాని వెంట ఒకటి పెట్టి చూడండి. మొదటిదాంట్లో అంతరిక్షం అందంగా, కాస్త దిగులుగా ఉంటుంది. రెండోదాంట్లో అడుగు పెట్టగానే చల్లగా ఒళ్లు జలదరిస్తుంది. దర్శకుడిదే రైటని నేనంటాను. గోల్డ్‌స్మిత్ అభిమానులు నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ.

రెండోది లార్డ్ ఆఫ్ ద రింగ్స్. మొదటి భాగానికి 2001లో వచ్చిన ఒక్క డిస్కు గంటా పది నిమిషాలు. 2005లో వచ్చిన కంప్లీట్ రికార్డింగ్స్ మూడు గంటలు. హోవర్డ్ షోర్ ఒక్కో జాతికి, ఒక్కో చోటుకి, ఉంగరానికి కూడా ఒక్కో బాణీ కట్టి, కథ నడిచేకొద్దీ వాటిని మార్చుకుంటూ పోతాడు. గంటకు కుదిస్తే అందం మిగులుతుంది, అల్లిక పోతుంది. మూడు గంటల సంగీతం ఎవరు వింటారని అడగొచ్చు. మా దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాలు పన్నెండు నుంచి నాలుగున్నర దాకా గడప దాటే పని ఉండదు. కూలర్ చప్పుడు మీద మెల్లగా వచ్చే ముక్కలు వినిపించవు, అది ఒప్పుకోవాల్సిందే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి.

గ్లాడియేటర్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 2000 ఆల్బమ్ చాలు. మరుసటి ఏడాది ‘మోర్ మ్యూజిక్’ అని ఇంకోటి వచ్చింది. చివరి పాటకే మరో మిక్స్ లాంటివి అందులో ఉన్నాయి. షెల్ఫులో నిండుగా కనిపిస్తుంది, అంతే.

ఇక మన ఊళ్లో వీటిని కాపాడుకోవడం గురించి, ఎందుకంటే ఎల్పీయా సీడీయా అనేది కూడా ఇందులో భాగమే. పాత ఆల్బమ్‌లు నాకు ఎక్కువగా ఎల్పీలుగానే దొరికాయి, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, పుస్తకాల కుప్పల పక్కన. “ఇంగ్లిష్ పిక్చర్ ప్లేట్లు ఎవ్వరు తీస్కపోతరు సార్, మీరే తీస్కపోవాలె” అని ధర తగ్గించి ఇచ్చేవాడు ఒకాయన. దుమ్ము పట్టినవి ఇంటికి తెచ్చి కడగాలి, అక్కడ మొదలవుతుంది నల్గొండ కష్టం. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి దేశమంతా తెలిసిందే, ఆ నీళ్ల కాఠిన్యం మాత్రం రికార్డు కడిగినవాడికే తెలుస్తుంది. ఆరాక గాడుల్లో తెల్లటి పొర మిగులుతుంది. సూది పెడితే వేయించిన ఆవాల్లా చిటపటలు. నల్లా నీళ్లతో కడిగినా చివరి కడుగుకు డిస్టిల్డ్ వాటరే వాడాలి. బ్యాటరీ షాపుల్లో క్యాన్ దొరుకుతుంది. పక్కనే ఆసిడ్ క్యాన్ కూడా ఉంటుంది, లేబుల్ చూసి తీసుకోండి. ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి గుడ్డ, గాడుల వెంబడే తుడవాలి, అడ్డంగా రుద్దకూడదు. మధ్యలో కాగితం తడవకూడదు. తర్వాత వంటింట్లో ప్లేట్ల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టాలి. ఎండలో మాత్రం పెట్టొద్దు. మే నెలలో పడమటి గోడకు ఆనించిన అల్మారాలో ఉన్న రికార్డులు కూడా వంగిపోతాయి, సూది పడవలా ఊగుతుంది.

సీడీలకు ఆ బాధ లేదు. వాటి బాధ దారిలోనే. ఈ పెద్ద ఎడిషన్లు కొన్ని వేల కాపీలే వేస్తారు, అయిపోతే అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో రెట్టింపు అడుగుతారు. స్ట్రీమింగ్‌లో చాలావరకు ఉండవు. తెప్పించుకుంటే పోస్టేజీ దాదాపు డిస్కు ధరంత, పైన కస్టమ్స్. ఒకసారి వచ్చిన పార్సెల్‌లో కేసు రెండు ముక్కలు, లోపల డిస్కుకు మాత్రం చిన్న గీత కూడా లేదు. కేసులు ఇక్కడ దొరుకుతాయి కాబట్టి ఇప్పుడు ఆ విషయంలో టెన్షన్ పడటం మానేశాను.

ఇన్ని చెప్పాక తెలుగు సినిమాల మాట రాకుండా ఉండదు. మనకు ఆల్బమ్ అంటే పాటలే. బాహుబలి నేపథ్య సంగీతం వాల్యూములుగా విడుదల కావడం లాంటివి ఈమధ్య ముచ్చట. అంతకుముందు తెలుగు శ్రోతకు నేపథ్య సంగీతం వినిపించింది ఒకే దారిలో, మాటల రికార్డుల్లో. 1975 నాటి ముత్యాల ముగ్గు మాటల రికార్డులు పెళ్లి పందిళ్లలో, టీ హోటళ్లలో మోగని ఊరు లేదు. జనం రావు గోపాలరావు గొంతు కోసం, ముళ్లపూడి వెంకటరమణ మాటల కోసం వింటారు. నేను ఆ మాటల సందుల్లో, కాంట్రాక్టర్ గుక్క తిప్పుకునే చోట, కింద నుంచి తొంగిచూసే మహదేవన్ సంగీతం కోసం వింటాను. అది రెండు క్షణాలు వినిపించి మళ్లీ గొంతు కిందికి పోతుంది. హాలీవుడ్ వాళ్లు ఇ.టి.కి చేసినట్టు, ఆ సంగీతాన్ని మాటలు లేకుండా, సినిమా వరసలో ఒక్క డిస్కు వేసి అమ్మేవాళ్లుంటే పోస్టేజీ ఎంతైనా కట్టి తెప్పించుకుంటా. అప్పుడు ట్రాకులు నిమిషం నిమిషంవే ఉన్నా నోరు మెదపను.