షార్ట్ ఫిల్మ్‌ ఎఫెక్ట్స్‌కి బ్లెండర్: ఏం దానికి వదలాలి, ఏం సెట్‌లోనే తీయాలి

ఫ్రీగా వస్తుంది కాబట్టి బ్లెండర్ అనే త్రీడీ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌ని తక్కువ అంచనా వేసే రోజులు పోయాయి. 2011 చివర్లో 2.61 వెర్షన్‌తో కెమెరా ట్రాకింగ్ (ఫుటేజ్ చూసి కెమెరా ఎలా కదిలిందో లెక్కగట్టడం) వచ్చింది. ఇప్పుడు ట్రాకింగ్, మాస్కింగ్ (ఫ్రేమ్‌లో ఒక భాగాన్ని గీత గీసి వేరుచేయడం), లైటింగ్, రెండరింగ్ (త్రీడీ సీన్‌ని చిత్రాలుగా మార్చడం), కంపోజిటింగ్ (గ్రాఫిక్స్‌నీ ఫుటేజ్‌నీ ఒకే షాట్‌గా కలపడం) అన్నీ ఒక్కచోటే అయిపోతున్నాయి. చిన్న బడ్జెట్ టీమ్‌కి ఇంతకన్నా అక్కరకొచ్చేది లేదు. కానీ నిప్పు, పొగ, దుమ్ము అన్నీ దాని నెత్తిన పెడితే మాత్రం షాట్ తేలిపోతుంది.

ట్రాకింగ్‌కి పూర్తి మార్కులు ఇవ్వాల్సిందే. ప్రతి ఫ్రేమ్‌లో సాఫ్ట్‌వేర్ వెంబడించే పాయింట్లు కనీసం ఎనిమిది ఉండాలి, అవి దగ్గరవీ దూరంవీ కలిసి ఉండాలి. సాల్వ్ ఎర్రర్ (కెమెరా లెక్కలో వచ్చే సగటు తేడా) 0.5 పిక్సెల్ లోపు ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు. ఒకటి దాటితే పెట్టిన వస్తువు నేల మీద జారుతుంది. ఎర్రర్ ఎంతకీ తగ్గకపోతే లోపం చాలాసార్లు ఫుటేజ్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో డిజిటల్ స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉంటే ప్రతి ఫ్రేమ్‌నీ ఒక్కోలా కత్తిరిస్తుంది, అప్పుడు లెన్స్ లెక్క కుదరదు. దాన్ని ఆపేయండి, ఫోకస్ లాక్ చేయండి. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేట్ కూడా నిలకడగా ఉండదు. ముందు స్థిరమైన 24కో 25కో మార్చి, పీఎన్‌జీ సీక్వెన్స్‌గా (ఒక్కో ఫ్రేమ్ ఒక్కో ఇమేజ్ ఫైల్‌గా) తీసి లోడ్ చేయండి. సెట్‌లో నిజం పొగ వేస్తే, పొగ మీద పడ్డ పాయింట్లన్నీ తీసేయాలి. లేదంటే పొగ కదలికను కూడా కెమెరా కదలికగా లెక్కేస్తుంది.

నీడల పని ఇంకా బాగుంది. నేలకి ఒక ప్లేన్ (చదునైన పలక) వేసి, ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్‌లో విజిబిలిటీ కింద షాడో క్యాచర్ (పలకని దాచి నీడనే చూపే సెట్టింగ్) టిక్ పెట్టి, రెండర్ సెట్టింగుల్లోని ఫిల్మ్‌లో ట్రాన్స్‌పరెంట్ ఆన్ చేస్తే చాలు. 3.0 నుంచి ఎర్ర వస్తువు నేల మీద వేసే ఎర్రటి ఛాయను కూడా పట్టుకుంటోంది. వెలుగు సరిపోల్చడానికి, ప్రతి షాట్ చివర నటుడు నిలబడ్డ చోట అద్దంలా మెరిసే స్టీలు గుండు ఒకటి, మ్యాట్ గ్రే రంగు వేసిన బంతి ఒకటి పెట్టి కొన్ని క్షణాలు తీసి ఉంచండి. ఎండ ఎటు నుంచి పడుతోందో, ఎంత గట్టిగా ఉందో అవే చెబుతాయి.

చాలామంది బోల్తా పడే సెట్టింగులు రెండున్నాయి. 4.0 నుంచి వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (రంగులు తెర మీద ఎలా కనబడాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఏజీఎక్స్‌లో ఉంటుంది, దాంతో షూట్ చేసిన ఫుటేజ్ రంగులు పాలిపోతాయి. స్టాండర్డ్‌కి మార్చండి. రెండోది మోషన్ బ్లర్, అంటే కదిలే వాటికి వచ్చే మసక. ఎండలో ఫోన్ షటర్ 1/480 సెకనుకి వెళ్లిందనుకోండి, 24 ఫ్రేములకి బ్లెండర్ షటర్ 0.05 (ఒక ఫ్రేమ్ వ్యవధిలో అంత భాగం) అవ్వాలి. డిఫాల్ట్ 0.5లోనే వదిలేస్తే నటుడు చెక్కినట్టు స్పష్టంగా, గ్రాఫిక్స్ మసకగా, రెండూ వేర్వేరు కెమెరాలతో తీసినట్టు ఉంటాయి.

నిప్పు దగ్గర నా సలహా సూటిగా ఇదే: సిమ్యులేషన్ మీద ఆశ పెట్టుకోవద్దు. 2.82లో వచ్చిన మాంటాఫ్లో (మంట, పొగ కదలికను లెక్కగట్టే సిస్టమ్) మంచిదే, కానీ రిజల్యూషన్ రెట్టింపు చేసిన ప్రతిసారీ లెక్కించాల్సిన గడులు ఎనిమిది రెట్లవుతాయి. మామూలు ల్యాప్‌టాప్ అక్కడే ఆగిపోతుంది. మంట బ్లెండర్‌లో వేసినా, ఆ మంట వెలుగు నటుడి ముఖం మీద తర్వాత పుట్టించడం మహా కష్టం. ఆరెంజ్ జెల్ (లైటు ముందు పెట్టే రంగు షీటు) వేసిన ఎల్‌ఈడీని డిమ్మర్‌తో ఆడిస్తూ సెట్‌లోనే తీయండి.

పొగకైతే సాంబ్రాణి, వెనక నల్లగుడ్డ, పక్క నుంచి లైటు చాలు. కంపోజిటర్‌లో స్క్రీన్ మోడ్‌లో వేస్తే నలుపు మాయమై పొగ మిగులుతుంది. చిన్న పొగ పెద్దదిగా కనబడాలంటే వేగం తగ్గాలి. ఎన్ని రెట్లు పెంచి చూపిస్తున్నారో దాని వర్గమూలంతో ఫ్రేమ్ రేట్ గుణించండి. పదహారు రెట్లయితే నాలుగు, అంటే 24కి బదులు 96. ఫోన్‌లోని 120తో తీసి 24లో ఆడిస్తే ఆ పని దాదాపు అయిపోతుంది.

మార్కులు తగ్గేది రోటోస్కోపింగ్ (ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ నటుడి చుట్టూ మాస్క్ గీయడం) దగ్గర. మాస్కులు చాలావరకు చేత్తో కదపాల్సిందే, ఎగిరే జుట్టు ఉన్న షాట్‌లో అది నరకం. అలాంటి షాట్లలో గ్రాఫిక్స్ వస్తువుని నటుడి వెనక కాకుండా ముందు పెట్టేలా ఫ్రేమింగ్ ముందే అనుకోండి.