ఒకే పేరు, ఇద్దరు హక్కుదారులు: ఆర్ భాషకు కాన్‌ఫ్లిక్టెడ్ ప్యాకేజీ ఎంతవరకు ఉపయోగపడుతుంది?

గణాంక విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్. దాని కన్సోల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) పట్టికల డేటాను మలిచే డీప్లయర్ ప్యాకేజీని (ఫంక్షన్ల సంపుటిని) లోడ్ చేయగానే, ఆర్‌తోనే వచ్చే స్టాట్స్ ప్యాకేజీలోని ఫిల్టర్, ల్యాగ్ ఫంక్షన్లు, బేస్ ప్యాకేజీలోని యూనియన్, ఇంటర్‌సెక్ట్ వంటి మరికొన్ని, అవే పేర్లు డీప్లయర్‌లోనూ ఉండడం వల్ల మరుగున పడ్డాయని ఒక సందేశం వస్తుంది. దాన్ని ఆగి చదివేవారు తక్కువ. హాడ్లీ వికమ్ రూపొందించిన కాన్‌ఫ్లిక్టెడ్ అనే చిన్న ప్యాకేజీ ఆ సందేశం స్థానంలో ఎర్రర్‌ను తెచ్చిపెట్టి, మనం ఏదో ఒకటి తేల్చేదాకా ముందుకు పోనివ్వదు. దాదాపు రెండేళ్లుగా రోజూ వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

కన్సోల్‌లో మనం ఒక పేరు టైపు చేస్తే ఆర్ ముందుగా మన సెషన్‌లో సృష్టించుకున్న వాటిలో వెతుకుతుంది; అక్కడ లేకపోతే అన్నిటికన్నా ఆలస్యంగా లోడ్ చేసిన ప్యాకేజీలో, ఆ తరువాత దాని ముందుదానిలో, అలా చివరికి బేస్ దాకా వెళ్తుంది. అంటే ఏ ఫంక్షన్ పనిచేస్తుందో నిర్ణయించేది మన ఉద్దేశం కాదు, ప్యాకేజీలను లోడ్ చేసిన వరుస. ప్యాకేజీల లోపలి కోడ్‌కు ఈ బాధ అంతగా లేదు, ఎందుకంటే 2011లో వచ్చిన 2.14.0 వెర్షన్ నుంచి ప్రతి ప్యాకేజీకీ సొంత నేమ్‌స్పేస్ (తన పేర్లను విడిగా ఉంచుకునే చోటు) ఉంది. చిక్కంతా కన్సోల్ ముందు కూర్చున్న మనిషిదే.

కొన్ని పేర్ల తగాదాలు వెంటనే బయటపడతాయి. డీప్లయర్ తరువాత, సెలెక్ట్ అనే పేరే ఉన్న మాస్ ప్యాకేజీని లోడ్ చేసి, నిలువు వరుసలను ఎంచుకోవడానికి సెలెక్ట్‌ను పిలిస్తే, ఇచ్చిన ఆర్గ్యుమెంటు చెల్లదంటూ ఎర్రర్ వస్తుంది. కారణం తెలియక కాసేపు తికమకపడినా, తప్పు జరిగిందన్న సంగతి మాత్రం తెలుస్తుంది. అసలు ప్రమాదం నిశ్శబ్దంగా జరిగేవాటితోనే. నేను ఒకసారి జలాశయాల నీటిమట్టాలను జలాశయం వారీగా విభజించి, కొత్త నిలువు వరుసను చేర్చే మ్యూటేట్ ఫంక్షన్‌తో ప్రతి వరుసకూ దాని జలాశయపు సగటును చేర్చాను. డీప్లయర్ తరువాత పాత ప్లయర్ ప్యాకేజీ కూడా లోడ్ అయి ఉండడం వల్ల పనిచేసింది ప్లయర్‌లోని మ్యూటేట్. అది విభజనను పట్టించుకోదు కాబట్టి అన్ని వరుసలలోనూ మొత్తం డేటా సగటే చేరింది. వరుసల సంఖ్య మారలేదు, ఎర్రర్ రాలేదు. ఈ వరుసలో లోడ్ చేస్తే ఇబ్బంది వస్తుందని ప్లయర్ హెచ్చరించే మాట నిజమే, కాని పొడవైన స్క్రిప్టు నడుస్తున్నప్పుడు ఆ హెచ్చరిక పైకి జరిగిపోయింది. రెండు రోజుల తరువాత పటం గీసినప్పుడు గానీ పొరపాటు నా కంటబడలేదు.

కాన్‌ఫ్లిక్టెడ్ లోడ్ అయి ఉంటే ఆ మ్యూటేట్ అక్కడే ఆగిపోయేది. పేరు ఏయే ప్యాకేజీలలో ఉందో చూపి, జంట కోలన్లతో (::) ప్యాకేజీ పేరు జోడించి పిలవమని, లేదా మన ఎంపికను ఒకసారి ప్రకటించమని ఆ ఎర్రర్ చెబుతుంది. కాన్‌ఫ్లిక్ట్స్ ప్రిఫర్ అనే ఫంక్షన్‌తో ఒకే వరుసలో ఎన్ని పేర్లకైనా ఎంపిక ప్రకటించవచ్చు. కాన్‌ఫ్లిక్ట్ స్కౌట్ అనేది ప్రస్తుత సెషన్‌లోని తగాదాలన్నిటినీ జాబితాగా చూపుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ ఎర్రర్ సందేశమే: అందులోని వరుసను యథాతథంగా తీసుకుని స్క్రిప్టులో పెట్టుకోవచ్చు.

అయితే దీని పరిధిని తెలుసుకుని వాడాలి. మన సొంత పేర్లు వెతుకులాటలో దీనికన్నా ముందు వస్తాయి కాబట్టి, మనమే ఫిల్టర్ అనే ఫంక్షన్ రాసుకుంటే ఇది అడ్డుచెప్పదు. ఆ పేరును ఆర్ఎమ్ అనే ఫంక్షన్‌తో తొలగించుకోవలసిందే. తగాదాకు రెండో పక్షమే లేనిచోట కూడా ఇది నిస్సహాయం. డీప్లయర్‌ను లోడ్ చేయడం మరిచి, ఒక వెక్టర్ (విలువల వరుస) నుంచి దాని ల్యాగ్‌ను, అంటే ఒక స్థానం జరిపిన రూపాన్ని, తీసివేస్తే స్టాట్స్‌లోని ల్యాగ్ పనిచేస్తుంది. అది విలువలను జరపదు, కాలసూచికను మాత్రమే జరుపుతుంది కనుక తేడాలన్నీ సున్నాలుగా వస్తాయి. అలాగే డీఎఫ్ అనే పట్టికను సృష్టించకముందే దాని నిలువు వరుసను అడిగితే, క్లోజర్‌ను (అంటే ఫంక్షన్‌ను) విడగొట్టలేమనే వింత ఎర్రర్ వచ్చి కొత్తవారిని బెదరగొడుతుంది. స్టాట్స్‌లో అదే పేరుతో ఎఫ్ డిస్ట్రిబ్యూషన్‌కు చెందిన ఫంక్షన్ ఉండడమే దానికి కారణం.

కొత్త ప్యాకేజీ ఎందుకనుకునేవారికి ఆర్‌లోనే మార్గాలున్నాయి. 2019లో విడుదలైన 3.6.0 నుంచి ప్యాకేజీలను లోడ్ చేసే లైబ్రరీ ఫంక్షన్‌కు ఎక్స్‌క్లూడ్ అనే ఆర్గ్యుమెంటు చేరింది. మాస్‌ను లోడ్ చేసేటప్పుడే సెలెక్ట్‌ను మినహాయించవచ్చు. తగాదా ఉంటే లోడ్ చేయడమే నిరాకరించే కఠినమైన విధానాన్ని కూడా అదే వెర్షన్ అందించింది. అది పెద్ద ప్రాజెక్టులకు మంచిదే, కాని అప్పటికప్పుడు ఆలోచిస్తూ పనిచేసే కన్సోల్‌కు బరువు. ఆ పేరును నిజంగా వాడినప్పుడే ఆపే కాన్‌ఫ్లిక్టెడ్ పద్ధతి నా పనికి బాగా సరిపోయింది.

ఎంపికలు ఆ సెషన్‌కే పరిమితం కావడాన్ని కొందరు లోపంగా చూస్తారు. నేను మాత్రం వాటిని, ఆర్ మొదలైనప్పుడల్లా నడిచే ప్రొఫైల్ ఫైలులో దాచను. స్క్రిప్టు తొలి వరుసలలోనే రాస్తాను, ఎందుకంటే దాన్ని తన కంప్యూటర్‌లో నడిపే సహోద్యోగికి కూడా నేను వాడిన ఫిల్టరే అందాలి.