ట్యూబ్ ఆంప్‌కి డీఐవై (మనమే కట్టుకునే) స్పీకర్ కిట్ కొంటున్నారా? నాకు జరిగింది చదివి కొనండి

ముందే చెప్పేస్తాను. నేను కొన్న కిట్‌లో డ్రైవర్లు (శబ్దం చేసే వూఫర్లు, ట్వీటర్) నాసిరకం కావు, వాటికి శబ్దాన్ని పంచిపెట్టే క్రాసోవర్ సర్క్యూట్‌లో కూడా తప్పేమీ లేదు. నా ఆంప్‌కి అది సరిపడదు, అంతే. సరిపడుతుందని చెప్పి అమ్మారు, నాకు మండింది అక్కడే.

నా దగ్గరున్నది 300బీ అనే వాక్యూమ్ ట్యూబ్‌తో నడిచే సింగిల్ ఎండెడ్ ఆంప్. ఛానెల్‌కి 8 వాట్లు, వెనక స్పీకర్ తగిలించడానికి 4 ఓమ్, 8 ఓమ్ ట్యాపులు. ఇంత తక్కువ పవర్‌కి సెన్సిటివిటీ (ఒక వాట్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది) ఎక్కువున్న స్పీకర్ కావాలని తెలుసు కాబట్టి వెతికి వెతికి ఒక కిట్ పట్టుకున్నాను. రెండు ఆరున్నర అంగుళాల వూఫర్లు, వాటి మధ్య ఒక ట్వీటర్, పోర్టు (గాలి గొట్టం) ఉన్న నిలువు బాక్సు. “90 డీబీ, 8 ఓమ్” అని పెద్ద అక్షరాల్లో ఉంది. అమ్మేవాడికి ఫోన్ చేసి నా ఆంప్ సంగతి చెప్పి మరీ అడిగాను. “సార్, ట్యూబ్ ఆంపుల కోసమే డిజైన్ చేశాం, కళ్లు మూసుకుని తీసుకోండి” అన్నాడు. నేనూ అదే చేశాను.

నెల రోజుల ఆదివారాలు ప్లైవుడ్ కోతకీ, జిగురుకీ, సోల్డరింగ్‌కీ పోయాయి. మొదటి పాట పెట్టగానే గాయని గొంతు మిగతా వాద్యాలన్నిటినీ తోసుకుని ముందుకొచ్చి అరుస్తున్నట్టు ఉంది. బేస్ అయితే బిందెలో గుద్దినట్టు గుమ్ గుమ్ అంటూ ఒకే స్వరం పట్టుకుని వేలాడుతోంది. వాల్యూమ్ సగం దాటితే డ్రమ్ దెబ్బలు అలికేసినట్టు కలిసిపోతున్నాయి. అమ్మినవాడికి ఫోన్ చేస్తే, “బర్న్-ఇన్ కాలేదు సార్, ఒక 200 గంటలు ఆడించండి” అన్నాడు. ఆడించాను. నా చెవులు అలవాటు పడ్డాయేమో గానీ స్పీకర్ మాత్రం మారలేదు.

చివరికి ఆంప్ వైర్లు తీసేసి, స్పీకర్ వెనక టెర్మినళ్ల మీద మల్టీమీటర్ పెట్టాను. 3.1 ఓమ్. రెండో స్పీకర్, అదీ అంతే. 8 ఓమ్ స్పీకర్‌కి మీటర్ మామూలుగా అయిదున్నర, ఆరు ఆ ప్రాంతంలో చూపిస్తుంది. వూఫర్ ఊడదీసి చూస్తే మాగ్నెట్ మీద స్టిక్కర్‌లో 8 ఓమ్ అనే ఉంది. అలాంటివి రెండు పారలల్‌గా కలిపితే 4 ఓమ్ అవుతుంది కదా! ఒక్క డ్రైవర్ అంకె తీసుకెళ్లి మొత్తం స్పీకర్‌కి అంటించేశాడు. ఈ చిన్న పని బాక్సు కోయకముందు, పార్సిల్ విప్పిన రోజే చేసుంటే వెనక్కి పంపేవాణ్ణి. సోల్డర్ తగిలాక వాపసు లేదన్నారు.

ఇక ఆ 90 డీబీ కథ. కొలిచింది 2.83 వోల్టుల దగ్గర. 8 ఓమ్ స్పీకర్‌కి 2.83 వోల్టులంటే 1 వాట్. 4 ఓమ్‌కి అదే 2 వాట్లు. అంటే నిజంగా 1 వాట్ ఇచ్చి కొలిస్తే 87 డీబీ. మూడు డీబీలే కదా అనుకోకండి. 90 డీబీ స్పీకర్‌కి 4 వాట్లతో వచ్చే శబ్దం దీంట్లో రావాలంటే నా 8 వాట్లూ ఖర్చవుతాయి. కొంటూనే సగం ఆంప్ పోగొట్టుకున్నానన్నమాట.

గొంతు అరుపు ఎందుకో మాత్రం కొంచెం కష్టపడితే గానీ తెలియలేదు. సౌండ్ కార్డుకి 100 ఓమ్ రెసిస్టర్ ఒకటి తగిలించి, ఆర్ఈడబ్ల్యూ అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో ఇంపెడెన్స్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర స్పీకర్ ఎన్ని ఓమ్‌ల అడ్డు పెడుతుందో) గ్రాఫ్ గీశాను. బేస్ పైభాగంలో 3.4 ఓమ్‌కి పడిపోయి, క్రాసోవర్ దగ్గర 16 ఓమ్ దాకా లేస్తోంది. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి ఇది పెద్ద లెక్క కాదు, దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ లోపలి అడ్డు) దాదాపు సున్నా. నా ట్యూబ్ ఆంప్‌కి 8 ఓమ్ ట్యాప్ దగ్గర అది రెండున్నర ఓమ్. స్పీకర్ ఇంపెడెన్స్ ఎక్కడ పెరిగితే అక్కడ శబ్దం పెరుగుతుంది. లెక్క కడితే ఆ లోయకీ ఈ గుట్టకీ మధ్య మూడున్నర డీబీ తేడా. సరిగ్గా గొంతు ఉండే చోట!

బేస్ గోల కూడా దీని చుట్టమే. పారలల్‌గా ఉన్న వూఫర్ల కాయిల్ రెసిస్టెన్స్ 2.8 ఓమ్. ఆంప్‌వి రెండున్నర, క్రాసోవర్ కాయిల్‌ది 0.3 కలిపితే ఇంకో 2.8. అంటే వూఫర్ క్యూఈఎస్ (కోన్ కదలికకి విద్యుత్ బ్రేకు ఎంత పడుతుందో చెప్పే అంకె, పెరిగితే బ్రేకు తగ్గినట్టు) రెట్టింపయింది. సున్నా ఇంపెడెన్స్ ఆంప్‌ని మనసులో పెట్టుకుని కట్టిన పోర్టు బాక్సులో అలాంటి వూఫర్‌కి పగ్గం ఉండదు.

ఇప్పుడు 4 ఓమ్ ట్యాప్‌కి మార్చాను, ఆ తేడా రెండు డీబీకి తగ్గింది. టెర్మినళ్లకి అడ్డంగా కాయిల్, కెపాసిటర్, రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి ఆ 16 ఓమ్ గుట్టని అణిచాక గొంతు దారికొచ్చింది. కానీ పోయిన మూడు డీబీలు ఏం చేసినా రావు.

కాబట్టి కొనేముందు అమ్మేవాళ్లని పూర్తి స్పీకర్ ఇంపెడెన్స్ గ్రాఫ్ అడగండి. “సుమారు 8 ఓమ్” అంటే కుదరదని చెప్పండి. ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) ప్రమాణం ప్రకారం కనిష్ఠ ఇంపెడెన్స్ నామినల్‌లో, అంటే స్పీకర్ మీద రాసిన అంకెలో, 80 శాతం కంటే కిందకి పోకూడదు. 8 ఓమ్ అని రాసినదానికి అది 6.4 ఓమ్. నాకు వచ్చింది 3.4. సెన్సిటివిటీ అంకె ఒక్క వూఫర్‌దా, బాఫిల్ స్టెప్ (బాక్సు ముందు పలక వెడల్పు వల్ల కింది స్వరాలు పలచబడటం) సరిచేశాక మొత్తం స్పీకర్‌దా అన్నది కూడా అడగండి. ఆ సవరణ ఒక్కటే ఆరు డీబీ దాకా తినేయగలదు.

ట్రాన్సిస్టర్, క్లాస్-డి వాళ్లు ఇది మాకు కాదులే అనుకోవద్దు. మీకు గొంతు మారదు గానీ 4 ఓమ్ వూఫర్లు రెండు పారలల్‌గా ఉన్న కిట్ తగిలితే చిన్న చిప్ ఆంప్ బోర్డు ప్రొటెక్షన్‌లోకి వెళ్లి మధ్యలో ఆగిపోతుంది. పైగా బోర్డు మీద గొప్పగా వేసే వాట్లు చాలాసార్లు 10 శాతం డిస్టార్షన్ దగ్గర లెక్కేసినవి.

ఆ స్పీకర్లు నా పాత 50 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్‌కి పెడితే శుభ్రంగా పాడుతున్నాయి, అది వేరే సంగతి. ట్యూబ్ ఆంప్ గుడ్డ కప్పుకుని కూర్చుంది. దానికోసం ఇంకొక డిజైన్ చూశాను, ఇంపెడెన్స్ గ్రాఫ్ పంపమని అడిగి నాలుగు రోజులైంది. “ట్యూబ్‌కి సూపర్‌గా ఉంటుంది సార్” అని జవాబు వచ్చింది, గ్రాఫ్ రాలేదు. డబ్బు నా దగ్గరే ఉంది.