టేబుల్‌లో వరుస హైలైట్: సీఎస్ఎస్ మేలా, జావాస్క్రిప్ట్ మేలా?

పన్నెండు కాలమ్‌ల పట్టికలో ఎడమ చివర పేరు చూసి కుడి చివర బాకీ అంకె దగ్గరికి వెళ్లేసరికి కన్ను పై వరుసకో కింది వరుసకో జారిపోతుంది. పద్దుల పుస్తకంలో స్కేలు పెట్టుకుని చదివినట్టు, మౌస్ ఉన్న వరుస రంగు మారితే ఆ ఇబ్బంది ఉండదు. సొంతంగా టేబుల్ కంట్రోల్ (వెబ్ పేజీలో పట్టికను చూపే భాగం) రాసుకునేవాళ్లకు ఇందుకు రెండు దారులున్నాయి: పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లోని హోవర్ (మౌస్ మీద ఉన్నంతసేపే వర్తించే రూల్), పేజీలో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లోని మౌస్ ఈవెంట్లు (మౌస్ వచ్చిందనో వెళ్లిందనో అందే కబుర్లు). నా ఓటు సీఎస్ఎస్‌కే. జావాస్క్రిప్ట్ తప్పనిసరి అయ్యే సందర్భం లేకపోలేదు, దాని సంగతి కింద చెప్తాను.

జావాస్క్రిప్ట్ అలవాటు పాతుకుపోవడానికి కారణం ఉంది. 1998 నాటి సీఎస్ఎస్ 2లోనే హోవర్‌ను లింకులకు మాత్రమే పరిమితం చేయలేదు. కానీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో అది లింకుల మీద తప్ప పనిచేసేది కాదు. 2006లో ఏడో వెర్షన్ వచ్చాక గానీ వరుసలకు ఆ భాగ్యం కలగలేదు. అందుకే ఏఎస్‌పీ డాట్ నెట్‌లోని గ్రిడ్‌వ్యూ అనే టేబుల్ కంట్రోల్ వాడేవాళ్లు ప్రతి వరుసకూ మౌస్ రాగానే నడిచే ఆన్‌మౌస్‌ఓవర్, వెళ్లగానే నడిచే ఆన్‌మౌస్‌అవుట్ తగిలించేవాళ్లు.

ఆ పద్ధతిలో చిక్కు ఇదీ. మౌస్ రాగానే వరుసకు పసుపు, వెళ్లగానే తెలుపు అని రాశామనుకోండి. పట్టికలో వరుస విడిచి వరుసకు బూడిద రంగు ఉంటే, మౌస్ ఒక్కసారి తాకి వెళ్లిన బూడిద వరుస తెల్లబడి అలాగే ఉండిపోతుంది. యూజర్ క్లిక్ చేసి ఎంచుకున్న నీలం వరుసదీ అదే గతి. సరే, పాత రంగును దాచుకుని మళ్లీ పెడదామంటే, మౌస్ మీద ఉండగానే యూజర్ క్లిక్ చేస్తాడు. దాచుకున్న రంగుకు అప్పటికే కాలం చెల్లిపోయి ఉంటుంది. సీఎస్ఎస్‌తో ఈ తలనొప్పి లేదు. మౌస్ పక్కకు జరగగానే హోవర్ రూల్ వర్తించడం మానేస్తుంది, అసలు రంగు దానంతటదే కనిపిస్తుంది.

అలాగని సీఎస్ఎస్ కళ్లు మూసుకుని రాసేది కాదు. పట్టికలో సెల్ రంగు ఎప్పుడూ వరుస రంగు మీద పడుతుంది. సెల్‌కు సొంత రంగు ఉంటే, వరుస మీద పెట్టిన హోవర్ రంగు దాని కింద దాగిపోతుంది. కాబట్టి హోవర్ అయిన టీఆర్ (వరుస) లోపలి టీడీలకు (సెల్స్‌కు) రంగు ఇవ్వాలి. వరుస విడిచి వరుసకు రంగు వేసే చారల రూల్, హోవర్ రూల్ రెండింటి బలమూ (స్పెసిఫిసిటీ) సమానమైతే తర్వాత రాసిందే నెగ్గుతుంది. హోవర్‌ను చారల కిందే రాయండి. ఫోన్లలో వేలు తీశాక కూడా రంగు అతుక్కుపోయే ఇబ్బంది ఉంది గనక, హోవర్ చేయగల పరికరాలకే అది వర్తించేలా మీడియా క్వెరీలో (పరికరాన్ని బట్టి రూల్ వర్తింపజేసే షరతులో) పెట్టండి. కీబోర్డ్‌తో తిరిగేవాళ్ల కోసం ఫోకస్ విథిన్ (లోపలి లింకో బటనో కీబోర్డ్‌తో ఎంచుకున్నప్పుడు వర్తించే రూల్) కూడా జతచేస్తే మంచిది.

ఇక జావాస్క్రిప్ట్ కావాల్సిన చోటు. ఎడమ కాలమ్‌లు కదలకుండా ఉండాలని కొన్ని కంట్రోళ్లు రెండు వేర్వేరు పట్టికలను పక్కపక్కన పెడతాయి. ఒకదానిలో మౌస్ పెడితే రెండోదానిలో అదే నంబరు వరుస కూడా వెలగాలి. పెద్ద పట్టికలో దీన్ని సీఎస్ఎస్‌తో లాక్కురావడం వృథా ప్రయాస. అయినా వరుసకో లిజనర్ (ఈవెంట్ కోసం కాచుకుని ఉండే కోడ్) అక్కర్లేదు. రెండు పట్టికలనూ కలిపి ఉంచే డివ్‌కు (పేజీలోని డబ్బాకు) ఒక్క మౌస్‌ఓవర్ లిజనర్ చాలు, వరుసలో పుట్టిన ఆ ఈవెంట్ పైనున్న డివ్ దాకా వస్తుంది. మౌస్‌ఎంటర్ అనే ఈవెంట్ అలా రాదు. వరుస నంబరు పట్టుకుని రెండు వైపులా ఒక క్లాస్ (సీఎస్ఎస్ గుర్తుపట్టే పేరు) తగిలించండి, మౌస్ వేరే వరుసకు మారినా, డివ్ దాటి వెళ్లినా తీసేయండి. రంగు మాత్రం సీఎస్ఎస్‌లోనే ఉండాలి.

కొత్తగా రాస్తుంటే రెండు పట్టికల జోలికే పోకండి. ఒకే పట్టికలో సీఎస్ఎస్‌లోని పొజిషన్ స్టికీతో ఎడమ కాలమ్ స్క్రోల్ చేసినా కదలకుండా నిలబడుతుంది, హోవర్ కూడా మామూలుగా పనిచేస్తుంది. ఒక్క జాగ్రత్త: స్టికీ సెల్‌కు పారదర్శకమైన హోవర్ రంగు ఇస్తే, అడ్డంగా స్క్రోల్ చేసినప్పుడు కింద జరిగే అంకెలు పేరు మీదుగా కనిపిస్తాయి. అక్కడ పూర్తిగా కప్పే రంగే ఇవ్వాలి.

రోస్పాన్ (ఒక సెల్‌ను పలు వరుసల మేర పరచడం) వాడిన పట్టికలో ఒక పేరు కింద మూడు వరుసలుంటే ఆ గుంపును ఒక టీబాడీలో (వరుసల గుంపును చుట్టే ట్యాగ్‌లో) పెట్టి, హోవర్‌ను టీబాడీ మీద రాయండి. మూడూ కలిసి వెలుగుతాయి, జావాస్క్రిప్ట్ ఒక్క లైన్ కూడా అవసరం పడదు.